పత్తికాయ పురుగు - జాతిభేదము

నార్కట్‌పల్లి ప్రాంతపు చల్కానేలలలో పత్తి వేయు కాపులు “పురుగు బీటీకి అలవాటుపడినది” అని మాతో తరచుగా చెప్పుదురు. ఈ మాట సరికాదు. సారాకు మనుష్యుడు అలవాటుపడునట్లు పురుగు విషమునకు అలవాటుపడదు. విషము పట్టిన పురుగు చచ్చును. చావనిది పుట్టుకతోనే ఆ గుణము కలది.

జొన్నకోతకు ముందు మనము మంచి యెన్నుల నేరి విత్తనమునకు దాచుదుము. కొన్నియేండ్లకు ఆ గుణమే చేనంతయు వ్యాపించును. ప్రకృతియు నిట్లే యేరుచున్నదని డార్విను పండితుడు 1859లో తన గ్రంథమున వివరించెను. ప్రకృతికి మంచిచెడ్డల విచారము లేదు. బ్రతికి సంతానము కన్నదే మిగులును.

బీటీ పత్తికి మనదేశమున 2002లో అనుమతి లభించెను. నేలలోని యొక సూక్ష్మజీవినుండి తెచ్చిన జన్యువువలన ఈ మొక్క తానే పురుగుమందును తయారుచేసికొనును. గులాబిరంగు పురుగులలో ఏ కొద్దింటికో ఆ మందు పట్టని గుణముండెను. తక్కినవి చావగా నవియే మిగిలి గ్రుడ్లు పెట్టెను. 2010లో గుజరాతునందలి అమ్రేలి, భావనగర్, జునాగఢ్, రాజకోట జిల్లాలలో ఇట్టి పురుగులున్నట్లు వెల్లడియయ్యెను. రెండు జన్యువుల పత్తి 2006లో వచ్చినది గాని, తరువాత దానినిగూడ పురుగు దాటినది. 2017 నాటి పంటకు మహారాష్ట్రమునందును మన తెలంగాణమునందును కలిగిన నష్టము కాపులు మరచియుండరు.

శనగపచ్చ పురుగుకూడ కాయను తొలుచునదే. అది ఇంత త్వరగా ఏల మారలేదు? ఏలయన దానికి కంది, శనగ, టమాట చేలును ఆహారమే. అచ్చట ఈ విషము లేదు గనుక పాతరకపు పురుగులు బ్రతికి, మారినవానితో కలియుచుండును. గులాబిరంగు పురుగునకు పత్తియే ప్రధానమైన తిండి.

మరి ఇది క్రొత్తజాతియా? కాదు. తమలో తాము కలిసి, మరల సంతానము కనగల బిడ్డలను కను జీవులన్నియు నొక జాతి. పత్తినే చూడుడు. మన దేశవాళీ పత్తి కణములలో 26 క్రోమోసోములు, అమెరికా పత్తిలో 52 కలవు. రెంటిని సంకరము చేసిన 39 గల మొక్క వచ్చును, అది గొడ్డుది. అందువలన నవి వేరుజాతులు. చిత్రమేమనగా, ఆ అమెరికా పత్తియు సంకరమునుండి పుట్టినదే. సుమారు పది యిరువది లక్షల యేండ్ల క్రిందట పాతఖండపు పత్తివంటి దొకటి అమెరికా అడవిపత్తితో కలియగా, క్రోమోసోములు రెట్టింపై క్రొత్తజాతి యేర్పడెను. 1940లో బీస్లీ అను శాస్త్రజ్ఞుడు అట్టి సంకరమును తన చేతులతో చేసి చూపెను. సాధారణముగా జాతులు ఇట్లొక్కసారిగా గాక, కొండలచేతనో సముద్రములచేతనో విడిపోయి మెల్లగా వేరగును.

మారిన గులాబిరంగు పురుగు పాతదానితో ఇంకను కలియుచునే యున్నది. రెంటికి పుట్టినది బీటీ కాయ తిని చాలవరకు చచ్చును. బీటీ చేనిచుట్టు అయిదు వరుసలు గాని, భూమిలో అయిదవవంతు గాని, ఏది ఎక్కువయైన నంత బీటీకాని పత్తి వేయవలెనన్న నిబంధన ఇందుకే యేర్పడినది. దానికై యిచ్చిన 120 గ్రాముల పొట్లమును గట్టుపై పారవేసినవా రెందరో!

అమెరికా సంయుక్తరాష్ట్రములవారు ఈ వరుసలు వేసిరి. గొడ్డు రెక్కపురుగులను విమానములనుండి వదలిరి. 2018లో ఆ పురుగు తమ పత్తిచేలలో లేదని ప్రకటించిరి. విమానములు మనకు వలదు. డిసెంబరుతో పంట ముగించి, మరల నీరు కట్టక, కట్టెను పీకి, మిగిలిన కాయలను చేననే నాశనము చేసినచో, వానిలో దాగిన పురుగు వచ్చు వానకాలమువరకు నిలువదు.