పక్షవాతమునకు దూరచికిత్స

పక్షవాతము వచ్చినవానిని చూచి "చేయి పడిపోయినది" అందురు. ఆ చేతిలోని ఎముకకుగాని, కండరమునకుగాని మొదట ఏ హానియు కలుగదు. చెడినది మెదడులోని ఒక భాగము. మెదడు బరువు శరీరపు బరువులో నూటికి 2 వంతులే అయినను, శరీరము వాడుకొను ప్రాణవాయువులో సుమారు 20 వంతులు దానికే కావలెను. రక్తనాళమునకు గడ్డ అడ్డుపడినను, నాళము చిట్లినను ఈ సరఫరా నిలిచిపోవును. కొద్ది నిమిషములలోనే అచ్చటి నాడీకణములు చావనారంభించును. మెదడులోని ఎడమభాగము శరీరపు కుడివైపును, కుడిభాగము ఎడమవైపును నడపుచుండుటచే దెబ్బ ఒకవైపున తగిలిన, పక్షవాతము రెండవవైపున కనబడును.

చచ్చిన కణములు తిరిగి బ్రతుకవు. అట్లయిన రోగి మరల గ్లాసు పట్టుకొనుట ఎట్లు? మిగిలిన కణముల నడుమ క్రొత్త సంబంధములు ఏర్పడి, పోయిన పనిని కొంతవరకు ఇరుగుపొరుగు భాగములు చేపట్టగలవు. కాని ఇది ఊరక జరుగదు. పిల్లవాడు పలకమీద అక్షరము దిద్దినట్లు, ఒకే కదలికను వందలసార్లు చేయవలెను.

అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టౌబ్ కోతులలో ఒక వింతను గమనించెను. స్పర్శజ్ఞానము పోయిన చేతిని కోతి వాడుట మానివేసెను. మంచి చేతిని కట్టివేయగా, మానివేసిన చేతినే మరల వాడసాగెను. చేతకాకపోవుట వేరు, వాడకుండుట అలవాటగుట వేరు అని దీనివలన తెలిసినది.

దీర్ఘకాలము సంరక్షణ గృహములలో ఉండు వృద్ధుల కష్టము ఇచ్చటనే ఉన్నది. పరిచారకులు దయతోనో, తొందరవలననో తామే అన్నము తినిపింతురు, తామే చొక్కా తొడుగుదురు. రోగి చేతికి పని ఉండదు. వ్యాయామము చేయించు ఫిజియోథెరపిస్టు ప్రతిదినము రాజాలడు. ఈ కొరతను తీర్చుటకే దూరచికిత్స పుట్టినది. రోగి ఎదుట ఒక తెర, కెమెరా, చేతి కదలికను గుర్తించు పరికరములు ఉండును. వ్యాయామములు ఆటల రూపమున వచ్చును. చికిత్సకుడు దూరమునుండియే చూచుచు, తప్పులు దిద్దుచు, క్రమముగా కష్టమును పెంచును.

దీని ఫలితమేమి? స్టీవెన్ క్రేమర్, ఆయన సహచరులు అమెరికాలో 11 కేంద్రములలో 124 మందిపై జరిపిన పరీక్ష 2019లో వెలువడినది. కొందరు ఇంటివద్దను, కొందరు చికిత్సాలయమునందును ఒక్కొక్కటి 70 నిమిషముల చొప్పున 36 పర్యాయములు వ్యాయామము చేసిరి. వీనిలో సగము చికిత్సకుని పర్యవేక్షణలో, సగము తమంతట తాము చేసినవి. చేతి శక్తిని 66 మార్కులకు కొలువగా చికిత్సాలయములోనివారికి సగటున 8.36, ఇంటివారికి 7.86 మార్కులు పెరిగెను. ఇల్లు చికిత్సాలయమునకు తీసిపోలేదని తేలినది.

అయితే ఈ ఫలితమును సంరక్షణ గృహములకు యథాతథముగా అన్వయింపరాదు. అచ్చట కొందరికి జ్ఞాపకశక్తి తగ్గియుండును. కొందరికి మాట అర్థముకాదు. తూలిపడు మనిషిని కెమెరా పట్టుకొనలేదు. బిగిసిన కీలును తెర సడలింపలేదు. ప్రక్కన ఒక మనిషి ఉండితీరవలెను. ఆ మనిషికి ఒకసారి నేర్పి వదలినను చాలదేమో. భారతదేశములో 14 ఆసుపత్రులలో 1,250 మందిపై జరిగిన పరీక్షలో కుటుంబసభ్యులకు వ్యాయామము చేయించుట నేర్పిరి. 2017లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము, 6 నెలల తరువాత మరణించినవారు, పరాధీనులుగా మిగిలినవారు కలిసి రెండు వర్గములలోను నూటికి 47 మందియే. ప్రేమ ఎంత ఉన్నను తగినంత సాధన, దానిని కొలుచుచు దిద్దు నిపుణుని దృష్టి కూడ కావలెనని దీనినిబట్టి తలపవచ్చును.

సాధన మహిమను విద్యార్థులు స్వయముగా చూడవచ్చును. రోజూ 10 నిమిషములు అలవాటు లేని చేతితో పేరు వ్రాసి, నెల తరువాత మొదటి కాగితముతో పోల్చవలెను. ఆరోగ్యవంతునికి అది ఆట. పక్షవాత రోగికి అదియే తన అన్నము తాను తినగలుగుటకు దారి.