స్త్రీలేలిన సంస్థానము

జర్మనీలో హార్జ్ పర్వతముల చెంత క్వెడ్లిన్‌బుర్గు అను చిన్న పట్టణము కలదు. 936లో మొదటి హెన్రీ రాజు మరణింపగా, ఆయన సమాధికడ రాణి మటిల్డా కోరికపై కుమారుడు ఒట్టో ఒక స్త్రీమఠమును నెలకొల్పెను. ఆ మఠమే క్రమముగా సంస్థానమయ్యెను. ఎనిమిదివందల యేండ్లకు పైగా మఠాధ్యక్షురాండ్రే దానిని పాలించిరి. సామ్రాజ్యసభలో వారికి ఆసనమును ఓటును ఉండెను.

966లో పదునొకండేండ్ల ప్రాయమున పీఠమెక్కిన ఒట్టో కుమార్తె మటిల్డా, 997లో మేనల్లుడు మూడవ ఒట్టో ఇటలీకి పోగా, అతనికి మారుగా జర్మనీ రాజ్యభారమునే వహించెను. 994లో మఠమునకు సంతపై, నాణెములపై, సుంకములపై హక్కులు లభించెను. సంతతో పట్టణమును, పట్టణముతో పౌరుల ఆత్మాభిమానమును పెరిగినవి. 1426లో పురజనులు హన్సా వర్తకకూటమిలో చేరిరి.

వారి స్వేచ్ఛ అధ్యక్షురాలు హెడ్విగ్‌కు కంటగింపయ్యెను. 1477లో ఆమె శాక్సనీ ప్రభువులైన తన సోదరుల సైన్యమును రప్పించి పట్టణమును లోబరచుకొనెను. పౌరస్వేచ్ఛకు చిహ్నమైన రోలండు విగ్రహము కూలద్రోయబడెను. గెలుపు ఆమెది, కత్తి పరులది. నాటినుండి సంస్థానముపై శాక్సనీ పట్టు బిగిసెను. 1698లో శాక్సనీ తన రక్షణాధికారమును బ్రాండెన్‌బుర్గునకు అమ్ముకొనెను. 1803లో ప్రష్యా సంస్థానమునే కలుపుకొనెను.

ఎరువు సొమ్ము బరువుచేటని మన పెద్దల మాట. ఎరువు తెచ్చిన కత్తియు అంతియే. కూలిన రోలండును పౌరులు 1869లో తిరిగి నిలిపిరి. పురమందిరము ముంగిట అది నేటికిని నిలిచియున్నది.