సింగపూరు వెళ్ళే అమ్మానాన్నలకు నాలుగు మాటలు

మా అబ్బాయి సింగపూరులో ఉద్యోగములో చేరి మూడేండ్లయినది. "అమ్మా, నాన్నా, ఒక్కసారి వచ్చి చూసిపోండి" అని ఫోను చేసినప్పుడల్లా, టమోటా కోత అయిపోనీ, చెల్లెలి పరీక్షలు అయిపోనీ అని మేము వాయిదా వేస్తూ వచ్చాము. నిజము చెప్పాలంటే భయము. మదనపల్లె దాటి బెంగుళూరు, వేలూరు ఆసుపత్రి తప్ప మేము ఎరిగిన దూరము లేదు. చివరకు కిందటి సంవత్సరము ధైర్యము చేసి ఇద్దరమూ వెళ్ళి, మూడు వారములుండి క్షేమముగా తిరిగి వచ్చాము. మా సంఘములోనే గాక పుంగనూరులో, కుప్పంలో కూడా ఇట్లా బిడ్డల దగ్గరకు బయలుదేరే పెద్దవారున్నారు. వారందరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే గనుక, మాకు తెలిసినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

మూట విప్పి చూడండి

ప్రయాణానికి రెండు రోజుల ముందు పుంగనూరు నుండి ఒక సహోదరి మా ఇంటికి వచ్చింది. ఆమె పెద్దకొడుకు సింగపూరులో కట్టడపు పనిలో ఉన్నాడు. గుడ్డలో కట్టి, సూదీదారముతో కుట్టిన ఒక మూట మా చేతికిచ్చి, "అక్కా, మావాడికి ఇది ఇచ్చేయండి, మీకు పుణ్యముంటాది" అన్నది. కుట్టు విప్పాలంటే మాకే మొహమాటమైనది. అయినా అబ్బాయి ముందే గట్టిగా చెప్పి ఉన్నాడు: ఎవరిచ్చినా సరే, మీ కళ్ళతో చూడని వస్తువు మీ పెట్టెలో పెట్టవద్దని. ఆమె ఎదుటనే విప్పాము. చెనిగల పొడి, కరివేపాకు పొడి, కోడిమాంసపు పచ్చడి ఒక సీసా, గసగసాలు అరకిలో, నాలుగు కట్టల బీడీలు, గుట్కా పొట్లములు ఉన్నాయి.

పొడులు రెండూ ఉంచి తక్కినవి ఆమెకే తిరిగి ఇచ్చాము. ఆమె ముఖము చిన్నబోయింది. "గసగసాలు కూడా తప్పేనా అక్కా? కూరలో వేసుకొనేవే గదా" అన్నది. మనకు అది మసాలా దినుసే. కాని గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క నుండి. వాటిలో మత్తు పదార్థపు అంశ మిగిలి ఉండవచ్చునని సింగపూరులో ముందుగా పరీక్షా, అనుమతీ లేకుండా వాటిని తేనివ్వరు. మత్తు పదార్థాల విషయములో ఆ దేశపు చట్టము చాలా కఠినమైనది. పెద్ద మోతాదులో దొరికితే మరణశిక్ష కూడా ఉన్నది. "తెలియక తెచ్చాను, ఎవరో ఇచ్చారు" అనే మాట అక్కడ సులువుగా చెల్లదు.

కాబట్టి ఈ పట్టిక గుర్తుంచుకోండి. గసగసాలు వద్దు, అవి కలిపిన మసాలా పొడి కూడా వద్దు. మన దేశము నుండి మాంసము గాని, మాంసపు పచ్చళ్ళు గాని, కోడిగుడ్లు గాని తీసుకుపోరాదు. గుట్కా, ఖైనీ వంటి నమిలే పొగాకు నిషేధము. బీడీ, సిగరెట్లకు ఒక్కదానికి కూడా సుంకము మినహాయింపు లేదు. చూయింగ్ గమ్ దిగుమతిని 1992లోనే నిషేధించారు. మామిడికాయ ఊరగాయ, పొడులు, మురుకులు వంటివి నూనె కారకుండా మూతలు బిగించి పెద్ద పెట్టెలో పెట్టుకోండి, చేతిసంచిలో కాదు.

బి.పి., షుగరు మాత్రలు వాడేవారు అట్టలు చించకుండా, డాక్టరు చీటీతో సహా తీసుకోండి. నిద్రమాత్రలు, కొన్ని రకాల దగ్గు మందులకు ముందుగా అనుమతి కావాలి. ఈ సంగతి మీ అబ్బాయినో అమ్మాయినో కనుక్కోమనండి.

కాగితములు, దారి

పాస్‌పోర్టు గడువు కనీసము ఆరు నెలలు మిగిలి ఉండాలి. మన వారికి వీసా తప్పనిసరి, దానిని అధికారము పొందిన ఏజెంట్ల ద్వారా తీసుకోవాలి. దిగే రోజుకు మూడు రోజులలోపు కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో రాకపోకల కార్డు ఒకటి నింపాలి. దానికి రుసుము లేదు. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. బిడ్డ ఇంటి చిరునామా, ఫోను నంబరు ఇంగ్లీషులో వ్రాసిన కాగితము ఒకటి చొక్కా జేబులో, ఒకటి చేతిసంచిలో ఉంచుకోండి. ఫోనులో ఛార్జి అయిపోతే ఆ కాగితమే దిక్కు.

విమానము బెంగుళూరు నుండి గాని, మద్రాసు నుండి గాని ఎక్కవచ్చును. బెంగుళూరు విమానాశ్రయము 2008 నుండి దేవనహళ్ళి వైపున ఉన్నది గనుక మదనపల్లె వారికి చింతామణి మీదుగా పోతే ఊరి రద్దీలో పడే పని లేదు. కుప్పం వారికి ఇంటి ముందే రైలు. అటు బెంగుళూరుకైనా ఇటు మద్రాసుకైనా దిగువ పెట్టెలతో సుఖముగా పోవచ్చును. విమానము ఎక్కే సమయానికి మూడు గంటల ముందే చేరండి. గాలిలో ఉండేది సుమారు నాలుగున్నర గంటలు. దిగగానే గడియారము రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి.

మన ఫోను ఛార్జరు అక్కడి ప్లగ్గులో దూరదు. చదునైన మూడు కాళ్ళ ప్లగ్గు కావాలి, ఇక్కడే ఒకటి కొనుక్కోండి. భూమధ్యరేఖకు దగ్గరి ఊరు గనుక ఏడాది పొడుగునా ఉక్కే. నూలు బట్టలు, గొడుగు చాలు. అయితే రైళ్ళలో, దుకాణాలలో ఏ.సి. చలి ఎక్కువ. పెద్దవారు ఒక శాలువా దగ్గర ఉంచుకోవాలి.

ఊరిలో తిరగడము

దేశమంతా కలిపి సుమారు 730 చదరపు కిలోమీటర్లు. దేశమూ ఊరూ ఒకటే. 1965లో మలేషియా నుండి విడిపోయి స్వతంత్రమైనది. మలయు, చైనీయుల మాండరిన్, తమిళము, ఇంగ్లీషు నాలుగూ అధికార భాషలే. మూడు రాష్ట్రాల కూడలిలో పుట్టి, తమిళము కన్నడము ఉగ్గుపాలతో నేర్చిన కుప్పం వారికి ఇది పెద్ద సదుపాయము. మాకు వచ్చిన అంతంతమాత్రపు తమిళముతోనే కూరగాయలు బేరమాడగలిగాము.

ఎక్కడికైనా రైలు ఉన్నది. దానిని ఎం.ఆర్.టి. అంటారు. 1987లో మొదలైనది. కార్డు ఒకటి కొని గేటు దగ్గర ఆనిస్తే చాలు, చిల్లరతో పని లేదు. రైలులో తినరాదు, నీళ్ళు కూడా త్రాగరాదు, జరిమానా ఉన్నది. ఉమ్మి వేయడము, కాగితము పారవేయడము, ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటడము మనకు అలవాటైన పనులు. అక్కడ వాటికి ఖరీదు చెల్లించాలి. మొదటి రెండు రోజులు మేము తమలపాకు నోట పెట్టుకోలేదు!

డాలరు మన 60 రూపాయలకు పైమాటే. ప్రతిదానినీ రూపాయలలోకి మార్చి చూస్తే మింగుడుపడదు. కొళాయి నీరు శుభ్రమైనది గనుక సీసా నింపుకొని పొండి, నీళ్ళు కొననక్కరలేదు. భోజనము హోటళ్ళలో గాక హాకర్ సెంటర్లనే పెద్ద తిండిశాలలలో చేస్తే చవక. తిన్న పళ్ళెము మనమే తీసి పెట్టాలి. 2021 నుండి అది చట్టము.

ఖర్చు లేకుండా చూడదగినవి చాలా ఉన్నాయి. 1859 నాటి బొటానిక్ గార్డెన్స్‌లో ఒక్క ఆర్కిడ్ తోటకే టికెట్టు. 2015లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. మలయా రబ్బరు సాగుకు ప్రయోగములు జరిగినది ఈ తోటలోనే. ఆ రబ్బరు తోటలలో పని చేయడానికే మన తెలుగువారు ఎందరో ఓడలెక్కి మలయాకు పోయారు. సముద్రపు ఒడ్డున 2012లో తెరచిన గార్డెన్స్ బై ద బేలో ఇనుప చెట్ల మీద రాత్రి పూట దీపాల ప్రదర్శన ఉచితము. అద్దాల మేడల లోపలికి మాత్రము టికెట్టు కొనాలి. తిరుగు ప్రయాణమున విమానాశ్రయములోనే 40 మీటర్ల ఎత్తు నుండి పడే జలపాతము చూడవచ్చును.

మందిరములు, సమాధులు

సిటీ హాల్ స్టేషన్‌లో దిగి పైకి వస్తే ఎదురుగా తెల్లని సెయింట్ ఆండ్రూస్ కథీడ్రల్. అంతకు ముందున్న మందిరము రెండుసార్లు పిడుగుపాటుకు గురికాగా కూల్చివేసి, 1856లో దీనికి పునాది వేశారు. కట్టినది ఎవరనుకున్నారు? మన దేశము నుండి శిక్ష పడి ఓడలలో అక్కడికి పంపబడిన ఖైదీలు. గోడల పూత పేరు మద్రాసు సున్నము. గవ్వల సున్నములో కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానిన నీటితో మెదిపి పూశారు. మన పాత మిద్దెల గానుగ సున్నము గుర్తుకు వచ్చి ఆ గోడను చేతితో నిమిరాము. వారి పేర్లు మనకు తెలియవు, వారి పనితనము నిలిచి ఉన్నది.

ఆ దేశములో మెథడిస్టు సంఘపు పనిని 1885లో మొదలుపెట్టిన విలియం ఓల్డ్‌హామ్ పుట్టినది మన పక్కనున్న బెంగుళూరులోనే. షార్ట్ స్ట్రీట్‌లోని తమిళ మెథడిస్టు మందిరములో ఆదివారము ఆరాధనకు పోతే, ముక్కూ మొగము తెలియని మమ్మును పక్కన కూర్చోబెట్టుకొని టీ ఇచ్చి పంపారు.

ఒక పూట క్రాంజి యుద్ధ స్మారకానికి కేటాయించండి. రెండవ ప్రపంచయుద్ధములో సమాధి కూడా దొరకని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు అక్కడి గోడల మీద చెక్కారు. వారిలో మన దేశపు జవాన్లు అనేకులు. చాంగిలో యుద్ధఖైదీలు కట్టుకున్న చిన్న ప్రార్థనాలయపు నమూనా, దాని పక్కన ప్రదర్శనశాల ఉన్నాయి. పిల్లలతో పోతే ముందుగా కథ చెప్పి తీసుకుపోండి.

ఆదివారము లిటిల్ ఇండియాలో

మూట ఇవ్వవలసిన అబ్బాయిని ఆదివారము సాయంకాలము లిటిల్ ఇండియాలో కలిశాము. ఆ వీధులు చూస్తే మన సంతపేట గుర్తుకు వస్తుంది. మల్లెపూలు, మునగకాయలు, ఇత్తడి సామాను. ఒకప్పుడు అక్కడ పశువుల కొట్టములు ఉండేవట. ఆ చోటికి మలయులు పెట్టిన పేరు కందాంగ్ కెర్బావ్, అంటే బర్రెల దొడ్డి. ఆవులకు పేరుపడ్డ పుంగనూరు బిడ్డ ఆ వీధిలో మాకోసము నిలబడి ఉన్నాడు.

పొడులు చూసి ముందు మూత తీసి వాసన చూచాడు. తక్కినవి ఎందుకు తేలేదో చెప్పగా, "మంచి పని చేసినారు పెద్దమ్మా, మాయమ్మకు ఇవన్నీ యాడ తెలుస్తాయి" అని నవ్వాడు. టీ త్రాగుతూ మెల్లగా నోరు విప్పాడు. దళారికి కట్టిన సొమ్ముకు రెండెకరాల చేను తాకట్టు పెట్టారట. చెప్పిన జీతము ఒకటి, వచ్చినది ఒకటి. ఏడాదిన్నర జీతము అప్పుకే పోయినది. "ఇంట్లో బాగుండానని చెప్పినా. మీరూ అట్లే చెప్పండి పెదనాయనా" అన్నాడు.

ఏమనాలో మాకు తోచలేదు. అప్పుడు అతడే మరొక మాట అన్నాడు. తమ్ముడు కూడా అదే దళారికి వచ్చే నెలలో అడ్వాన్సు కట్టబోతున్నాడట.

"నాయనా, నీ కష్టము మేము చాటి చెప్పము. కాని మీయమ్మ ఎదుట నిలబడి అబద్ధము చెప్పలేము. మేము ఊరు చేరకముందే నీవే చెప్పు. నీ తమ్ముని కోసమైనా చెప్పు" అన్నాము. చాలాసేపు తల వంచుకొని, చివరకు అక్కడే ఫోను తీశాడు. మేము లేచి కొంచెము దూరము పోయి నిలబడ్డాము.

ఈ మాట తల్లిదండ్రులందరూ వినాలి. సందర్శకుల వీసా మీద పనికి పంపుతామంటే నమ్మకండి, అది నేరము. సింగపూరులో పనికి పోయేవానికి బయలుదేరక ముందే అనుమతి పత్రము రావాలి. జీతము, కోతలు అందులో వ్రాసి ఉంటాయి. పనివానికి తెలిసిన భాషలో దానిని యజమాని పంపవలెనని అక్కడి నియమము. అది చదువకుండా పైసా కట్టవద్దు. అక్కడి ఏజెన్సీ పనివాని వద్ద తీసుకొనదగిన రుసుము రెండు నెలల జీతానికి మించరాదు. ఇక్కడి ఏజెంటుకు మన ప్రభుత్వపు రిజిస్ట్రేషను ఉన్నదా అని ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చును. మీకు రాకపోతే సంఘములో చదువుకున్న పిల్లలను అడగండి.

తిరిగి వచ్చాక

సింగపూరులో అన్నిటికంటె ఎత్తైన కొండ బుకిట్ తీమా. ఎత్తు 163 మీటర్లు. హార్సిలీ కొండను రోజూ చూచే మాకు దానిని కొండ అనడానికే నవ్వు వచ్చినది. కాని ఆ చిన్న గడ్డ మీద మన బిడ్డలు ఎంత ఎత్తు మేడలు కట్టుతున్నారో కళ్ళారా చూచి వచ్చాము.

ఊరు చేరిన వారానికి పుంగనూరు పోయాము. ఆ సహోదరి వాకిట్లోకి ఎదురు వచ్చి, మేము నోరు తెరువక ముందే, "అంతా చెప్పినాడక్కా" అన్నది. చిన్నవాడు అడ్వాన్సు కట్టలేదు. మదనపల్లెలో మోటారు మెకానిక్కు పని నేర్చుకొంటున్నాడు. చేను ఇంకా తాకట్టులోనే ఉన్నది. "పెద్దోడు చిక్కినాడా?" అని అడిగింది. కొంచెము చిక్కినాడని ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆమె తల ఊపి, మాకు మజ్జిగ తేవడానికి లోపలికి పోయినది.