మోటారు సైకిలు బాటసారులకు పొలములో విడిది

పుష్యమాసపు వేకువజామున లంబసింగి రోడ్డు ప్రక్కన నిలబడి ఎప్పుడైనా చూచితిరా? నర్సీపట్నం మీదుగా ఘాటు ఎక్కివచ్చు మోటారు సైకిళ్ళు బారులు తీరి ఉండును. విశాఖపట్నం నుండి దూరము నూరు కిలోమీటర్లకు పైమాటే. చాలమంది అర్ధరాత్రి బయలుదేరి, ఎదుటి మలుపు కానరాని మంచులో బండి నడుపుకొని వచ్చి, చెరువులవేనం కొండమీద పొగమంచు చూచి, నిద్రలేని కండ్లతోనే మరల ఘాటు దిగుచున్నారు. ముందునాటి సాయంకాలమే వచ్చి పడుకొనుటకు తగిన చోటు ఉన్నచో ఈ రాత్రి ప్రయాణము తప్పును. ఆ చోటు మీ పొలములోనే ఏర్పాటు చేయవచ్చును.

గదులు కట్టవలెనేమో యని జంకవద్దు. ఈ బాటసారి గుడారము, పడక తన బండికే కట్టుకొని వచ్చును. అతనికి కావలసినది గట్టినేల, శుభ్రమైన మరుగుదొడ్డి, త్రాగునీరు, తెల్లవారగానే వేడి టీ.

నేల సంగతి ముందు చెప్పుకొందము. ఇరువది సెంట్లు చాలును. వలిసెలు, రాజ్‌మా వేసిన చేనును ఇందుకు తీయవద్దు. పంటను త్రొక్కించి విడిది నడుపుట మేలైన లెక్క కాదు. వాడుకలో లేని పాత కళ్ళము ఉన్నచో అంతకు మించినది లేదు. వరి కోసిన మడి పైకి ఎండినట్లే కనబడును గాని లోపల మెత్తగా ఉండును. బుల్లెట్ వంటి బండి బరువు 190 కిలోలకు పైగా ఉండును. ఆ బరువులో కొంత ప్రక్క స్టాండు యొక్క చిన్న పాదముపై మోపినచో అది నేలలో దిగబడి, రాత్రి మంచుకు తడిసిన మట్టిలో బండి పడిపోవును. ప్రక్కనే గుడారములో మనిషి పడుకొని ఉండును గదా! కనుక ఒక్కొక్క బండికి అడుగు చదరపు బల్లపరుపు రాయి నొకటి పాతి ఉంచవలెను. వాలు నేల అయినచో బండి ముందుచక్రము ఎగువకు ఉండునట్లు, గేరులో నిలుపుమని చెప్పవలెను. వాలుకు అడ్డముగా నిలుపరాదు.

ఒక గుడారమునకు, బండికి కలిపి 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు చాలును. పండ్రెండు స్థలములు వేసినను సగమునకు పైగా నేల దారికి, నెగడుకు, మరుగుదొడ్లకు మిగులును. నెగడు ఒక్కటే, అందరికీ ఉమ్మడిగా, గడ్డివామికి, అడవి హద్దుకు దూరముగా, చుట్టూ గడ్డి చెక్కిన చోట వేయవలెను. వేడి సైలెన్సరు క్రింద ఎండుగడ్డి లేకుండ చూడవలెను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి యున్నది. కొన్ని రాత్రులు చలి సున్న డిగ్రీల దరిదాపులకు దిగును. అప్పుడు బాటసారి బొగ్గుల కుంపటి అడుగును. మీరు జాలిపడి ఇత్తురు. మూసిన గుడారములో కుంపటి నుండి వచ్చు కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. కాబట్టి నిప్పు గుడారము లోపలికి పోనివ్వవద్దు. బదులుగా పడక క్రింద పరచుటకు ఎండు వరిగడ్డి ఇవ్వండి. చలి ఎక్కువగా నేలనుండే ఎక్కును.

మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి మేలు. బావికి, ఊటకు 50 అడుగులకు తక్కువ కాకుండ దిగువన త్రవ్వవలెను. ఒక గుంత నిండగానే మూసి రెండవది వాడవలెను. ఏడాదికి పైగా మాగిన తరువాత తీసినది చెట్లకు ఎరువు.

రాబడి ఎంత? ఒక స్థలమునకు రాత్రికి 200 రూపాయలు తీసుకొన్నారనుకొందము. నవంబరు నుండి జనవరి వరకు 13 వారములలో శుక్ర, శనివారపు రాత్రులు 26. సగము స్థలములు నిండినను 31,200 రూపాయలు. ఇందులో పాకీపనికి, కట్టెలకు, దీపములకు పోవును. భోజనము పెట్టుదుమని ఒప్పుకొనుటకు ముందు ఇంటి ఆడవారిని అడుగవలెను. పగలంతా కాఫీ పండ్లు ఏరి వచ్చిన ఇల్లాలికి రాత్రి ఇరువది మందికి వంట అదనపు పని. ఆ కూలి లెక్కలో వ్రాయనిదే లాభము లాభము కాదు.

రాబడి కనబడగానే పట్నమునుండి ఎవరో ఒకరు వచ్చి, “ఏటా ఇంత ఇత్తుము, స్థలము మాకు వదలండి” అనవచ్చును. ఈ ప్రాంతము షెడ్యూల్డు ఏరియా. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల ప్రకారము, 1970 లో చేసిన 1వ రెగ్యులేషను సవరణతో కలిపి చూచినచో, ఇక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్ముటయే కాదు, కౌలుకిచ్చుట కూడ చెల్లదు. తెల్లకాగితముపై సంతకము పెట్టవద్దు. విడిది మీ పేరుననే, మీ చేతిమీదుగానే నడవవలెను.

మొదలు పెట్టుటకు ముందు పంచాయతీకి తెలుపండి. వచ్చినవారి పేరు, బండి నంబరు ఒక పుస్తకములో వ్రాయించండి. త్రాగి బండి ఎక్కబోవువానిని ఆపుట కష్టమే గాని, తాళపుచెవి సాయంత్రమే మీ దగ్గర ఉంచుకొను ఏర్పాటు పెట్టినచో సగము పని సులువగును. ఫిబ్రవరిలో జనము తగ్గగానే ప్లాస్టిక్ కవర్లు ఒక్కటి మిగులకుండ ఏరించండి. పశువులు మేతతోపాటు వాటిని మ్రింగును. రాళ్ళు పెకలించి ఒక ప్రక్క పేర్చి, చక్రముల క్రింద గట్టిపడిన నేలను తొలకరికి ముందే దున్నించండి. తరువాత ఏ పంట వేయవలెనో చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానమువారిని అడుగవచ్చును.