తుక్కులో పసిడి ఎవరిది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధుల్లో ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అనే కేక నేటికీ వినిపిస్తుంది. ఒకప్పుడు ఆ బండ్లలో రేకులు, సీసాలు, కాగితాలు ఉండేవి. ఇప్పుడు పగిలిన సెల్‌ఫోన్లు, చార్జర్లు, టీవీ బోర్డులు కూడా చేరుతున్నాయి. మనకు చెత్తగా కనిపించే ఆ వస్తువు పరిశ్రమకు గనితో సమానం. టన్ను ముడి ఖనిజంలో దొరికే బంగారం సాధారణంగా కొద్ది గ్రాములే. టన్ను సెల్‌ఫోన్ బోర్డుల్లో అది వంద గ్రాములు దాటుతుంది. టోక్యో ఒలింపిక్స్, పారాలింపిక్స్ కోసం చేసిన సుమారు 5,000 పతకాలను జపాన్ ప్రజలు అప్పగించిన పాత పరికరాల నుంచి తీసిన లోహాలతోనే చేశారు. అందులో 32 కిలోల బంగారం ఉంది. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు కాగా, పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధిచేసింది అందులో నాలుగో వంతు కూడా లేదు.

చెత్తలో పసిడిని వెతకడం మనకు కొత్త కాదు. కంసాలి కుంపటి బూడిదను, కొట్టు ముందరి మట్టిని కడిగి బంగారు రజను ఏరే జలగడుగువారు తెలుగునాట ఉండేవారు. ఆ నైపుణ్యానికి కంసాలి హోదా గానీ, వర్తకుడి లాభం గానీ దక్కలేదు. నేటి తుక్కు వ్యాపారమూ అదే మెట్ల వరుసలో నడుస్తోంది. వీధుల్లో సేకరించేవారు, కొట్టు వెనుక సుత్తితో పగలగొట్టేవారు అధికంగా దళిత, సంచార జాతుల, పేద ముస్లిం కుటుంబాలవారే. వారి సరుకుకు ధర కట్టేది కిలోల్లో. పై మెట్టున అదే బోర్డుకు ధర కట్టేది బంగారం గ్రాముల్లో. కులం శ్రామికులనే మెట్లమెట్లుగా విభజిస్తుందని అంబేద్కర్ 1936లో చేసిన వాదనకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు.

లాభం పైకి పోతే ప్రమాదం కిందనే మిగులుతుంది. రాగి కోసం తీగలను కాలిస్తే విషవాయువులు, టంకం కరిగిస్తే సీసం వెలువడతాయి. ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లలో బోర్డులను ఆమ్లాల్లో నానబెట్టి లోహాలు తీసిన చరిత్ర ఉంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. సురక్షిత పరిజ్ఞానం లేదనడానికి వీల్లేదు. బోర్డుల నుంచి లోహాలను రాబట్టే పద్ధతులను హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీమెట్ రూపొందించింది. సూర్యాపేటకు అది కొద్ది గంటల ప్రయాణ దూరమే.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నిబంధనలు వస్తువు తయారుచేసి అమ్మే సంస్థలపైనే దాని పునశ్శుద్ధి బాధ్యతను మోపాయి. ఇది ఆహ్వానించదగినదే. అయితే నమోదుకు అవకాశం తయారీ సంస్థలకు, బ్రాండ్ యజమానులకు, మరమ్మతు సంస్థలకు, రీసైక్లింగ్ కర్మాగారాలకు మాత్రమే ఉంది. 2016 నాటి నిబంధనలు గుర్తించిన విడదీసే యూనిట్లు, సేకరణ కేంద్రాలు ఈ జాబితాలో లేవు. తిరిగి వచ్చిన బంగారానికి లెక్క ఉంది. వీధి నుంచి దాన్ని మోసుకొచ్చినవారికి లేదు. కార్మికులను గుర్తించి నమోదు చేయాలని, సంఘాలుగా ఏర్పడేందుకు తోడ్పడాలని, శిక్షణ ఇవ్వాలని, వారి ఆరోగ్య భద్రతను ఏటా పర్యవేక్షించాలని అవే నిబంధనలు రాష్ట్రాలకు చెబుతున్నాయి. పారిశుధ్య కార్మికుల ‘నమస్తే’ పథకాన్ని 2024లో చెత్త ఏరుకునేవారికీ వర్తింపజేశారు.

చిన్న కొట్లను మూయించి పెద్ద కర్మాగారాలకు సరుకు మళ్లిస్తే విషంతోపాటు బతుకుతెరువూ పోతుంది. అలాగని ‘హరిత ఉపాధి’ పేరుతో వారి పిల్లలను కూడా తుక్కుకే కట్టిపడేయడం న్యాయం కాదు. ఈ మూడు పురపాలక సంఘాలు ముందుగా తుక్కు పనివారిని లెక్కించి గుర్తింపు కార్డులివ్వాలి. సేకరణకు, విడదీయడానికి సురక్షితమైన షెడ్డు కేటాయించాలి. కాల్చే పని, ఆమ్లాల పని ఆపించి, బోర్డులను వాటిలోని లోహం విలువను బట్టి నేరుగా నమోదిత కర్మాగారాలకు అమ్ముకునే సహకార సంఘాన్ని నిలబెట్టాలి. పిల్లలకు గురుకులాల్లో చోటు, విద్యార్థి వేతనాలు చూపాలి. పసిడిలో న్యాయమైన వాటా ఈ తరానికి, ఆ పనిని వదిలి వెళ్లే స్వేచ్ఛ వచ్చే తరానికి దక్కాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా అది కొత్త యంత్రాలతో సాగే పాత కుల వ్యవస్థే అవుతుంది.