చార్ అంటే అక్షరమేనా?

'ముగ్గురు గేదెలు' అని తెలుగు పిల్లవాడెవడూ అనడు. మనుషులకైతే ముగ్గురు, తక్కినవాటికి మూడు. లెక్క ఒకటే, మాట మాత్రం లెక్కించేదాని రకాన్ని బట్టి మారుతుంది. జావా వంటి ప్రోగ్రామింగు భాషలో రకం, అనగా టైపు, దాదాపు ఇలాంటి కట్టుబాటే. ఇంట్ అని ప్రకటించిన చోట ఒక పేరు పెట్టబోతే కంపైలర్ ఒప్పుకోదు. ఈ తనిఖీ ప్రోగ్రాము నడవకముందే జరుగుతుంది కనుక వీటిని స్థిర రకాల భాషలు అంటారు.

జావాలో మూల రకాలు ఎనిమిది. బైట్, షార్ట్, ఇంట్, లాంగ్ పూర్ణాంకాలకు, ఫ్లోట్, డబుల్ దశాంశాలకు, అవును-కాదులకు బూలియన్. ఇంట్‌కు 32 బిట్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. 2011 జనగణనలోని 121 కోట్ల భారత జనాభా ఇందులో ఇమిడిపోతుంది. 2022లో 800 కోట్లకు చేరిన ప్రపంచ జనాభాకు మాత్రం 64 బిట్ల లాంగ్ కావాలి. ఇంట్ హద్దుకు ఒకటి కలిపితే చప్పుడు లేకుండా రుణసంఖ్య వస్తుంది. కంపైలర్ చూసేది రకాన్ని; మొత్తం హద్దు దాటిందేమో మనమే చూసుకోవాలి.

ఎనిమిదవది చార్. దీన్ని 'అక్షరం' అని అనువదించడం వల్లనే చిక్కు వస్తుంది. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు చేరువలో ఉన్న బంధుగాం పేరే తీసుకోండి. కువి, ఒడియా, తెలుగు కలిసి వినిపించే ప్రాంతమది. బం-ధు-గాం: పలికితే మూడక్షరాలు. జావాను పొడవు అడిగితే ఏడు అంటుంది: బ, సున్న, ధ, కొమ్ము, గ, దీర్ఘం, సున్న. ఒక్కొక్కటీ ఒక యూనికోడ్ సంకేతం. ఒక్కొక్కదానికీ 16 బిట్ల చార్ ఒకటి. ఒడియా లిపిలో నకార సంయుక్తంతో రాస్తే ఎనిమిదవుతాయి.

ఇదే పేరును యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే సంకేతానికి మూడు బైట్ల చొప్పున 21 బైట్లు. ఊరి పేరుకు 20 బైట్లు చాలుననుకొని పట్టిక తయారుచేస్తే చివరి సున్న తెగిపోతుంది. 'బంధుగా' పక్కన అర్థంలేని గుర్తు మిగులుతుంది. మనిషి పేరుకైనా ఇదే గతి. దరఖాస్తులో ఒక రకంగా, కార్డులో ఒక రకంగా పడితే తిరగవలసినవాడు ఆ పేరుగలవాడే. ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షించే వారికి ఈ లోపం కంటబడదు. రోమన్ లిపిలో ఈ ఊరు పది బైట్లే.

కనుక మీరు రాసే ప్రోగ్రామును ఒత్తులూ గుణింతాలూ ఉన్న పేర్లతో పరీక్షించండి. 'శ్రీకాకుళం' నాలుగక్షరాల పేరు. అది ఎన్ని చార్‌లో, ఎన్ని బైట్లో ముందు కాగితం మీద లెక్కవేసి, ఆ తరువాత యంత్రాన్ని అడగండి.