కొండల్లో పాటిదిబ్బలు ఎందుకు ఉండవు?

అడ్డతీగల కొండలు దిగి ఏలేశ్వరం మీదుగా వెళితే రెండు గంటలు తిరగకుండానే పిఠాపురం చేరుకుంటాం. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనం పిష్టపురమని పేర్కొన్న నగరం అదే. దాని దగ్గరే ఉన్న కొడవలిలో శాతవాహనుల చివరి రాజుల్లో ఒకడైన చండశాతి శాసనం ఉంది. అక్కడి నుంచి ఉత్తరంగా సాగితే అనకాపల్లి దగ్గర శంకరం, భీమిలి దారిలో తొట్లకొండ, వంశధార ఒడ్డున శాలిహుండం వరుసగా తగులుతాయి. తొట్లకొండ బౌద్ధ విహారంలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. తూర్పు కనుమలకూ సముద్రానికీ మధ్య రెండు వేల ఏళ్ల నాటి చరిత్ర ఇంత దట్టంగా పరుచుకుని ఉంది.

మరి ఆ కనుమల పైన? అడ్డతీగల, మారేడుమిల్లి, పాడేరు, అరకు కొండల్లో ఆ కాలపు మహానగరం ఒక్కటీ బయటపడలేదు. అలాగని అక్కడ మనుషులు లేరనుకోవడానికి వీల్లేదు. బొర్రా గుహల్లో పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి. ఐతరేయ బ్రాహ్మణం ఆంధ్రులను, కొండల్లో బతికే శబరులను ఒకే వరుసలో చెప్పింది. మనుషులున్నారు, బతుకులున్నాయి. శిథిలాలు మాత్రం లేవు. కారణం మట్టిలో ఉంది.

దిబ్బ ఎలా పుడుతుంది?

మైదానంలో ప్రాచీన గ్రామాన్ని రైతు ఇట్టే గుర్తుపడతాడు. చుట్టూ పొలాలకన్నా ఎత్తుగా, బూడిద రంగు మన్నుతో, కుండపెంకులతో పాటిదిబ్బ కనిపిస్తుంది. ఒకే చోట తరతరాలుగా మట్టి గోడలు కట్టడం, అవి కూలితే చదును చేసి మళ్లీ పైన కట్టడం, పొయ్యి బూడిద, పెంట, ఎముకలు అక్కడే పోయడం వల్ల నేల లేస్తుంది.

అలా ఒకే చోట నిలవాలంటే ఏటా ఒకే పొలం పండాలి. కృష్ణా, గోదావరి ఒండ్రు నేలలకు ఆ శక్తి ఉంది. కొండవాలుకు లేదు. అక్కడ మట్టి పొర పలచన, జడివాన సారాన్ని కడిగేస్తుంది. అందుకే కొండరెడ్లు పోడు పద్ధతిని ఎంచుకున్నారు. వాలు మీద పొదలు నరికి, ఎండాక కాల్చి, ఆ బూడిద సారంతో సామలు, చోళ్లు, జొన్నలు, కందులు పండిస్తారు. రెండు మూడేళ్లకు సారం తగ్గగానే ఆ చెలకను అడవికి వదిలి మరో చోటికి మళ్లుతారు. కొన్నేళ్లలో అడవి తిరిగి లేస్తుంది. 1940ల తొలినాళ్లలో పాపికొండల కొండరెడ్ల మధ్య ఉండి పరిశోధించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఈ జీవనాన్ని 1945లో పుస్తకంగా తెచ్చాడు. వెదురు తడికలతో, గడ్డి కప్పుతో కట్టిన ఇల్లు వదిలేస్తే కొద్ది వానాకాలాల్లోనే నేలలో కలిసిపోతుంది. పాటిదిబ్బ పుట్టడానికి కావలసినదేదీ అక్కడ మిగలదు.

నేలను నష్టపరచకుండా వాడుకుని తిరిగి అడవికే అప్పజెప్పడం వెనకబాటు కాదు, కొండ నేల తెలిసినవాళ్ల ఆలోచన. శిథిలాలు లేకపోవడం ఆ ఆలోచన ఫలితమే.

కనిపించని గతాన్ని చదవడం

గోడలు లేనిచోట శాస్త్రవేత్తలు చిన్న ఆనవాళ్లు వెతుకుతారు. పోడు మంటల బొగ్గు మట్టిలో చెక్కుచెదరకుండా ఉంటుంది. అందులోని కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది కాబట్టి, ఆ కట్టె ఎప్పటిదో లెక్క కట్టవచ్చు. గడ్డిజాతి పైర్లు నేల నుంచి పీల్చిన సిలికాతో తమ కణాల్లో గాజు రేణువుల్లాంటివి తయారుచేసుకుంటాయి. మొక్క కుళ్లినా అవి పోవు. వాటి ఆకారాన్ని బట్టి ఏ ధాన్యం పండిందో చెప్పే వీలుంటుంది. చిత్తడి నేలల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న పుప్పొడి, అడవి ఎప్పుడు తగ్గిందో, ఎప్పుడు తిరిగి పెరిగిందో చెబుతుంది. ఇంటి గుంజ కుళ్లిపోయినా అది పాతిన గుంట వేరే రంగు మన్నుతో నిండి గుర్తుగా మిగులుతుంది.

ఆకాశం నుంచి చూసే లైడార్ మరో సాధనం. విమానం నుంచి లక్షలాది లేజర్ కిరణాలు పంపితే, కొన్ని ఆకుల సందుల్లోంచి నేలను తాకి తిరిగొస్తాయి. వాటితో చెట్లు లేకుండా నేల ఒక్కటే కనిపించే పటం గీస్తారు. ఈక్వెడార్‌లోని ఉపానో లోయలో ఈ పద్ధతితో అమెజాన్ అడవి కింద దాదాపు 300 చదరపు కిలోమీటర్లలో 6,000కు పైగా మట్టి అరుగులను, వాటిని కలిపే బాటలను గుర్తించారు. 2024లో ప్రచురితమైన ఆ పరిశోధన ప్రకారం అక్కడి జనావాసం దాదాపు 2,500 ఏళ్ల కిందట మొదలైంది. అడవి ఉన్నచోట చరిత్ర లేదన్న పాత నమ్మకం అక్కడ చెదిరిపోయింది.

మన కొండల్లో రాయి కూడా సాక్ష్యం చెబుతుంది. పోలవరం ముంపు ప్రాంతంలోని రుద్రమ్‌కోట దగ్గర బృహత్ శిలాయుగపు సమాధులు తవ్వకాల్లో బయటపడ్డాయి. మనవాళ్లు రాకాసిగుళ్లని పిలిచే కోవకు చెందినవివి. అరకు అవతల కోరాపుట్ ప్రాంతంలో గుతోబ్ గదబలు చనిపోయినవారి కోసం గోతర్ అనే పెద్ద క్రతువు జరిపి రాళ్లు నిలుపుతారు. దున్నలు, విందులు, బంధువుల బాధ్యతలు ఆ రాయి చుట్టూ అల్లుకుని ఉంటాయి. వేల ఏళ్ల నాటి రాతి సమాధుల వెనుక ఎలాంటి సమాజం ఉండివుంటుందో ఊహించడానికి పురావస్తు శాస్త్రానికి ఇంతకన్నా మంచి బడి దొరకదు.

నీళ్లు రాకముందే

ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని 1926లో నాగార్జునకొండ లోయలో గుర్తించారు. ఆనకట్ట కడతారని తెలిశాక 1954 నుంచి 1960 దాకా లోయంతా జల్లెడ పట్టి తవ్వారు. అందుకే ఆ నగరం నీటి అడుగున ఉన్నా మనకు తెలుసు. రాతియుగం నుంచి ఇక్ష్వాకుల దాకా సాగిన కథ నిలిచింది. ముఖ్యమైన కట్టడాలను కొండపైకీ, అనుపుకూ తరలించి తిరిగి కట్టారు.

ఇప్పుడు గోదావరి ఒడ్డున దేవీపట్నం పరిసరాలు పోలవరం జలాశయం కిందికి వెళుతున్నాయి. విజయపురికి దక్కిన శ్రద్ధ కొండరెడ్ల, కోయల పాత ఊళ్లకూ దక్కాలి. సున్నపురాతి శిల్పం విలువైనదే. ఒక పోడు చెలకలోని బొగ్గు పొర కూడా అంతే విలువైనది. అది ఒకసారి చెదిరితే మళ్లీ చదవలేం.

ఇందులో ఊరివాళ్ల పాత్ర అందరికన్నా పెద్దది. దున్నేటప్పుడు నునుపైన రాతిగొడ్డలి, పాత కుండపెంకులు, నిలువు రాళ్లు కనిపిస్తే కదపకుండా ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టి పురావస్తు శాఖకు తెలియజేయాలి. నేల నుంచి తీసిన గొడ్డలి వట్టి వస్తువు. నేలలో, దాని పొరలో ఉన్న గొడ్డలికి కాలం ఉంటుంది, పక్కనున్న బొగ్గుతో, గింజతో సంబంధం ఉంటుంది. కొండల చరిత్ర రాయడానికి ఆ సంబంధమే ఆధారం.